జంగు తిన్న పికప్ బాడీ తీసి కొత్తది కట్టిన పని డైరీ

బండి 2011 మోడల్ డీజిల్ పికప్. నల్లగొండకు దగ్గర్లోని మా ఊరి తోటల నుంచి బత్తాయి ఎత్తుకుని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతుంది. తిరుగు దారిలో ఎరువు బస్తాలో, కోళ్ల ఎరువో, ఏ కిరాయి దొరికితే అది. మధ్యమధ్యలో గొర్రెలు. ఇంజను, గేరుబాక్సు గట్టిగానే ఉన్నాయి. బాడీయే అయిపోయింది. ఏటేటా అతుకులు వేయించాం. ఇప్పుడు అతుకును పట్టుకునే మందం కూడా పాత రేకులో లేదు. వెల్డింగ్ రాడ్డు ఆనగానే రేకు కరిగి చిల్లు పెద్దదవుతోంది.

ఇలాంటి బండి మీ దగ్గర ఉంటే ఈ కొలతలు, తూకాలు, లెక్కలు పనికొస్తాయి. ఎక్కడ పని చెడింది, ఎందుకు మార్చాం అన్నదే ఎక్కువ రాశాను.

1వ దశ: విప్పకముందు కొలతలు

అరకిలో సుత్తితో బాడీ అంతా కొట్టి చూశాం. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న చోట చప్పుడు చచ్చుగా వస్తుంది. అలాంటి చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాం. గీతలన్నీ చూస్తే బస్తాలు రాసుకుపోయే నడిమి భాగం బాగుంది. అక్కడ మందం కొలిచే వెర్నియర్ 2.4 మి.మీ. చూపించింది. తిన్నది నాలుగు చోట్ల:

1. క్యాబిన్ వైపు రెండు మూలలు. రేకు 0.9 మి.మీ. మాత్రమే మిగిలింది.
2. ఫ్లోర్ రేకు అడ్డ ఛానెళ్ల మీద ఆనే సందులు.
3. వెనక డాలా (బాడీ చుట్టూ ఉండే తలుపు రేకు) అడుగున మడత.
4. ఛాసిస్ మీద బాడీ కూర్చునే చెక్క ప్యాకింగ్ చుట్టూ.

అంటే రాపిడికి అరిగింది తక్కువ, నీళ్లు నిలిచి తిన్నది ఎక్కువ. ఎరువుల వల్ల ఇది ఇంకా ముదురుతుంది. యూరియా 30 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 73 శాతం దాటితే చాలు, నీళ్లు లాగి కరుగుతుంది. పొటాష్ 84 శాతం దగ్గర కరుగుతుంది. రెండూ కలిసి ఒలికితే ఇంకా తక్కువ తేమకే చెమ్మ పడుతుంది. పొటాష్‌లో ఉండేది క్లోరైడ్, ఉప్పులో ఉండేదే. సందులో చేరిన ఆ పొడి ప్రతి వానాకాలం రాత్రీ తడుస్తుంది, పగలు ఆరుతుంది. పైన ఎన్ని కోట్ల రంగు వేసినా కింద ఆ పని ఆగదు.

ముందు మూలలే ఎందుకు ఎక్కువ తిన్నాయో ట్యూబ్ లెవెల్ (మట్టం చూసే నీళ్ల గొట్టం) పెట్టాకే అర్థమైంది. లోడు లేనప్పుడు వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) లేచి ఉంటాయి కాబట్టి బాడీ వెనక భాగం ముందు కంటే 32 మి.మీ. ఎత్తులో ఉంది. వానలో బండి నిలబడేది ఎక్కువగా ఖాళీగానే. నీళ్లన్నీ క్యాబిన్ వైపు జారి మూలల్లో నిలుస్తాయి. పాత బాడీలో అక్కడ బయటకు పోయే దారే లేదు. కొత్త బాడీ డిజైన్ అంతా ఈ ఒక్క కొలత మీద నడిచింది.

విప్పేముందు చేసిన పనులు:

1. డీజిల్ ట్యాంకు మూత దాకా నింపి కాంటా వేయించాం: 1,610 కిలోలు. ఆ కాంటా 10 కిలోల మెట్లలో చూపిస్తుంది.
2. లోపలి పొడవు 2,440 మి.మీ., వెడల్పు 1,675 మి.మీ. సైడ్ డాలా ఎత్తు 450, ముందు బోర్డు ఎత్తు 750.
3. క్యాబిన్‌కు బాడీకి మధ్య సందు 60 మి.మీ. ఖాళీ బండిలో టైరు నుంచి ఫ్లోర్‌కు 230 మి.మీ.
4. వైర్లు, బ్రేకు పైపులు వెళ్లే దారి మొత్తం ఫోన్‌లో ఫొటోలు.
5. బ్యాటరీ నెగెటివ్ తీసేశాం.

డాలాలు అర అడుగు ఎత్తు పెంచితే కాయ ఎక్కువ పడుతుందని చాలామంది చెప్పారు. పెంచలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ప్రతి ఏడూ ఫిట్‌నెస్ తప్పదు. పైగా ఎత్తు పెరిగితే లోడు పెరుగుతుంది, ఆ బరువు మోయాల్సింది పదేళ్లు దాటిన ఛాసిస్. పాత కొలతే కొత్త కొలత.

2వ దశ: పాత బాడీ దించడం

బాడీని ఎనిమిది యు-బోల్టులు పట్టుకుని ఉన్నాయి. రాత్రంతా జంగు వదిలించే నూనె పట్టించి ఉంచితే పొద్దున మూడు మాత్రమే పానాకు లొంగాయి. ఒకటి తిప్పగానే తెగింది. డీజిల్ ట్యాంకు పక్కనున్న రెండింటికి గ్యాస్ కటింగూ వద్దు, గ్రైండర్ రవ్వలూ వద్దని చేతి రంపంతో కోశాం. చాలాసేపు పట్టింది, అయినా ఆ రెండింటి దగ్గర తొందర పనికిరాదు. మిగతావి గ్రైండర్‌తో పోయాయి. వైర్ల మీద, బ్రేకు పైపుల మీద తడి గోనెసంచులు కప్పి ఉంచాం.

బాడీని ఒకేసారి ఎత్తే ఆలోచన మానుకున్నాం. తిన్న ఛానెళ్లు గాల్లో విరిగితే కింద మనుషులుంటారు. మొదట డాలాలు, తర్వాత ముందు బోర్డు తీసి, ఫ్లోర్‌ను నిలువునా రెండు ముక్కలు కోసి ఒక్కొక్కటే దించాం.

పాత ఇనుము దుకాణంలో తూకం 268 కిలోలు. కిలో 30 చొప్పున 8,040 రూపాయలు వచ్చాయి. చెక్క ప్యాకింగ్ వేరుగా 9 కిలోలు, యు-బోల్టులు 4 కిలోలు. అన్నీ కలిపితే పాత బరువు 281 కిలోలు.

ఇప్పటివరకు ఖర్చు (డిస్కులు, నూనె, కూలి): రూ.2,350.

3వ దశ: ఛాసిస్

చెక్క ప్యాకింగ్ లేపితే కింద తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంది. ఎండలో రోజులకొద్దీ నిలబడిన బండిలో కూడా చెక్క అడుగు భాగం చెమ్మగానే ఉంది. ఎరువు పీల్చిన చెక్క ఛాసిస్‌కు ఏళ్ల తరబడి తడి పట్టు వేసినట్టయింది.

ఛాసిస్ పై అంచు మందం కొలిచాం. మంచి చోట 4.0 మి.మీ. ప్యాకింగ్ కింద 3.6 నుంచి 3.8. ఎడమవైపు రెండో ప్యాకింగ్ దగ్గర అరచేతి వెడల్పు మేర గుంతలు పడి 2.9 దాకా వచ్చింది. అక్కడ పట్టీ వేసి వెల్డింగ్ చేద్దామని వెల్డింగ్ అన్న అన్నాడు. ఛాసిస్ అంచు మీద వెల్డింగ్ వద్దన్నాను. వెల్డు పక్కన వేడి తగిలిన చోటే రేపు పగులు మొదలవుతుంది. బదులుగా ఆ ఆనుడు చోటును 120 మి.మీ. ముందుకు, మంచి ఇనుము మీదకు జరిపాం. ఛాసిస్‌కు చిల్లు పడి ఉంటే మాత్రం బాడీ పని అక్కడితో ఆపి, ముందు ఛాసిస్ సంగతి చూసుకోవాలి.

శుభ్రం చేసిన పద్ధతి:

1. స్క్రేపర్‌తో పెచ్చులు లేపి, గ్రైండర్‌కు వైర్ కప్ పెట్టి రుద్దడం.
2. నీళ్లతో ఒత్తిడి పెట్టి కడగడం. గుంతల్లోని ఉప్పు బ్రష్‌కు పోదు, నీళ్లకే కరుగుతుంది.
3. ఆరాక ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న జంగు మందు పూయడం, నల్లబడ్డాక మళ్లీ కడగడం.
4. ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, పైన ఛాసిస్ బ్లాక్.

రెండో అంచెలో ఒక చిక్కు వచ్చింది. బోరు నీళ్లతో కడిగితే ఆరిన తర్వాత ఇనుము మీద తెల్లటి మరకలు మిగిలాయి. మా వైపు బోరు నీళ్లలో లవణాలు ఎంతో అందరికీ తెలిసిందే. ఉప్పు వదిలించడానికి ఉప్పు నీళ్లే పోస్తున్నట్టయింది. భగీరథ నల్లా నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుని మళ్లీ మొత్తం కడిగాం.

ఇప్పటివరకు ఖర్చు: రూ.5,750.

4వ దశ: కాగితం మీద బరువు

బాడీ కట్టే షెడ్డుల్లో అలవాటుగా వాడే సామాను 75 ఛానెల్, 100 ఛానెల్, 40×40×5 యాంగిల్ (అంకెలన్నీ మి.మీ.లో). దాంతో లెక్క వేశాను. ఒక చదరపు మీటరు ఇనుము రేకు ఒక మి.మీ. మందానికి 7.85 కిలోలు తూగుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఏ బాడీ బరువైనా కొనకముందే తెలుస్తుంది.

షెడ్డు పద్ధతి:
- 75 ఛానెల్ (మీటరు 7.14 కిలోలు), ఏడు అడ్డ ఛానెళ్లు: 84
- 100 ఛానెల్ (మీటరు 9.56), రెండు పొడుగు ఛానెళ్లు: 47
- 3 మి.మీ. చెకర్ ప్లేట్ (కాలు జారకుండా పువ్వులు తేలిన రేకు) ఫ్లోర్: 105
- 1.6 మి.మీ. రేకు, డాలాలు, ముందు బోర్డు: 53
- 40×40×5 యాంగిల్ (మీటరు 3 కిలోలు): 73
- కీళ్లు, గొళ్లేలు, బోల్టులు: 20
- మొత్తం సుమారు 382 కిలోలు

పాతదాని కంటే వంద కిలోలు ఎక్కువ. ఫ్లోర్ 4 మి.మీ. వేయమని ఇచ్చిన సలహా కూడా వింటే ఇంకో ముప్పై పైన. బండి బతికినంత కాలం ప్రతి ట్రిప్పులో అన్ని కిలోల కాయ దించేసి, ఇనుమును మోసినట్టు. దానికి ఒప్పుకోలేదు.

మార్చినవి రెండు. అడ్డ ఛానెళ్లకు 3 మి.మీ. రేకును బెండింగ్ మిషన్‌లో 75×40 ఛానెల్‌గా మడిపించాం. విప్పదీస్తే 145 మి.మీ. వెడల్పు, మీటరుకు 3.4 కిలోలే. పొడుగు ఛానెళ్లు 4 మి.మీ. రేకులో. యాంగిల్ 40×40×3, మీటరు 1.8 కిలోలు. కొత్త లెక్క సుమారు 290 కిలోలు.

పెట్టె పైపు తేలిక కదా అనవచ్చు. లోపల జంగు పడితే బయటికి కనబడదు, కడగడానికీ వీలుండదు. అందుకే తెరిచి ఉండే ఛానెల్. నోరు వెనక వైపుకు తిప్పాం. చక్రాలు చిమ్మే బురద ముందు నుంచి వచ్చి వీపుకు కొట్టుకుంటుంది, లోపలికి పోదు. కింది అంచులో అడుగుకొక 12 మి.మీ. చిల్లు.

రేకుల కటింగ్ గురించి ఒక మాట. 8×4 అడుగుల చెకర్ ప్లేట్లను బండి పొడవుకు పరవకుండా అడ్డంగా పరిస్తే, ఒక్కోటి 1,220 మి.మీ., రెండూ కలిసి సరిగ్గా 2,440. అతుకు కచ్చితంగా నాలుగో అడ్డ ఛానెల్ మీద పడుతుంది, కింద ఆధారం వేరే అక్కర్లేదు. నిలువుగా పరిస్తే అతుకు గాల్లో వేలాడేది. అలాగే 1.6 రేకు రెండు షీట్లు చాలు. ఒకదాంట్లో రెండు సైడ్ డాలాలు, రెండోదాంట్లో ముందు బోర్డు, వెనక డాలా.

సామాను ఖర్చు: చెకర్ ప్లేట్ 11,860, 3 మి.మీ. రేకు 4,910, 4 మి.మీ. పట్టీలు 1,960, 1.6 రేకు 5,685, యాంగిల్ 3,565, బెండింగ్ 1,800.

ఇప్పటివరకు ఖర్చు: రూ.35,530.

5వ దశ: ఫ్రేమ్

షెడ్డు నేల సమంగా లేదు. ఇటుకల మీద నాలుగు పైపులు పరిచి, ట్యూబ్ లెవెల్‌తో ఒకే మట్టానికి తెచ్చి, దాని మీద ఫ్రేమ్ పేర్చాం. అడ్డ ఛానెళ్ల మధ్య దూరం 400 మి.మీ. కాస్త పైన.

ట్యాక్‌లు (ముందుగా నిలబెట్టే చిన్న వెల్డు చుక్కలు) పడ్డాక కర్ణాలు కొలిస్తే రెండూ 2,960. లెక్క ప్రకారం రావాల్సింది అదే. ఒక పక్క కీళ్లన్నీ పూర్తిగా వెల్డింగ్ చేశాక మళ్లీ టేపు పెడితే ఒకటి 2,966, ఇంకొకటి 2,953. వెల్డు చల్లారుతూ గుంజుకుంది. 13 మి.మీ. తేడాతో ఫ్లోర్ వేస్తే డాలాలు మూలల్లో కలవవు, గొళ్లెం పడదు.

సరిచేసిన తీరు:

1. ఎదురు పక్క ట్యాక్‌లు, వెల్డ్ చేసిన మూడు కీళ్లు గ్రైండర్‌తో విడదీయడం.
2. పొడుగు కర్ణం మీద చైన్ పుల్లీ వేసి మెల్లగా గుంజడం.
3. 2,960, 2,959 వచ్చాక ఒక యాంగిల్‌ను కర్ణం వెంట ట్యాక్ చేయడం.
4. ఎదురెదురు మూలలు మార్చి మార్చి, ఒక్కో కీలు కొంచెం కొంచెంగా వెల్డ్ చేయడం.
5. పూర్తిగా చల్లారాకే అడ్డ యాంగిల్ తీయడం.

చివరికి తేడా 2 మి.మీ. ఆ కర్ణం యాంగిల్ మొదటి ట్యాక్‌లప్పుడే వేసి ఉంచితే ఈ కోత పనే ఉండదు.

3 మి.మీ. రేకుకు 2.5 మి.మీ. మందం 6013 రాడ్డు, 75 ఆంపియర్లు సరిపోయాయి. పొడుగు ఛానెళ్ల కీళ్లకు 3.15 రాడ్డు, 110. డాలాల 1.6 రేకుకు 2 మి.మీ. రాడ్డు, 50 దాటనివ్వలేదు.

బస్తాల కాంటా మీద ఫ్రేమ్ తూకం, మూల పట్టీలతో కలిపి: 71 కిలోలు.

6వ దశ: ఫ్లోర్

ఎక్కువ ఇబ్బంది పెట్టిన దశ ఇదే.

ఫ్లోర్ రేకు ఛానెల్ మీద కూర్చున్నాక ఆ రెంటి మధ్యలోకి బ్రష్ పోదు. అందుకని పరిచేముందే ఛానెళ్ల పైభాగానికి, రేకు అడుగున అవి ఆనే పట్టీల మేర జింక్ ప్రైమర్ పూశాం. దీని మీద వెల్డింగ్ చేయవచ్చు, కానీ పొగ పీల్చకూడదు. షట్టర్లు తెరిచి, ఫ్యాను పెట్టుకుని, గాలి వచ్చే వైపున కూర్చుని చేయాలి.

మొదటి ప్లేట్ కింద వెల్డింగ్ అన్న అలవాటు ప్రకారం ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగ్గా గుంజుకుపోయాడు. "అన్నా, గట్టిగుండాలె గదా, సందు లేకుండ వేస్తున్న" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. సందు ఉంటే నీళ్లు పోతాయి, జంగు అక్కడే మొదలవుతుంది. కానీ రెండు ఛానెళ్లు పూర్తయ్యేసరికి వాటి మధ్య రేకు 14 మి.మీ. పైకి ఉబ్బింది. ఉబ్బు పక్కన పల్లం, పల్లంలో నీళ్లు. ఏ జబ్బుకైతే బాడీ మారుస్తున్నామో అదే మళ్లీ తయారవుతోంది.

ఆ వెల్డును ముక్కలు ముక్కలుగా గ్రైండర్‌తో తీసేశాం. ఉబ్బు నడుమ గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా కాల్చి వెంటనే తడి గుడ్డ అద్దాం. కాలిన చోటు చల్లారుతూ చుట్టూ రేకును లోపలికి గుంజుకుంటుంది. అలా అక్కడక్కడా చేస్తే 14 కాస్తా 4 మి.మీ.కు దిగింది. ఇంకా దించాలని ఎక్కువ కాల్చితే రేకు ముడతలు పడుతుంది, అక్కడే ఆపాం.

రెండో ప్లేట్‌కు పద్ధతి మార్చాం:

1. నడిమి ఛానెల్ నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ.
2. 150 మి.మీ.కు ఒకటి చొప్పున 40 మి.మీ. పొడవు కుట్లు మాత్రమే.
3. ఒక కుట్టు ఇక్కడ వేస్తే తర్వాతిది రెండు ఛానెళ్ల అవతల. చేత్తో ముట్టుకోగలిగే దాకా పక్క కుట్టు వేయకూడదు.
4. రెండు ప్లేట్ల నడిమి అతుకు మాత్రం పూర్తిగా, 2 మి.మీ. ఎడం పెట్టి, వంద మి.మీ. ముక్కలుగా వెనక్కు వెనక్కు వేసుకుంటూ.

రెండో ప్లేట్‌లో ఉబ్బు 3 మి.మీ. మించలేదు. ఆయన కోరిన గట్టిదనమూ తగ్గలేదు. తర్వాత వెయ్యి కిలోల ఇసుక బస్తాలు పేర్చి చూస్తే ఛానెళ్ల మధ్య ఫ్లోర్ కుంగింది 2 మి.మీ. మాత్రమే.

కుట్టుకు కుట్టుకు మధ్య సందులు మాత్రం మిగిలాయి. వాటి కోసమే తర్వాతి దశ.

ఫ్లోర్ 104 కిలోలు. ఫ్రేమ్‌తో కలిపి 175.

డాలాల గురించి రెండు మార్పులు రాయాలి. పాతదాంట్లో డాలా అడుగు యాంగిల్ రెక్క పైకి ఉండి కాలువలా నీళ్లు పట్టుకునేది. రెక్క కిందికి తిప్పాం. డాలా అడుగుకు, ఫ్లోర్‌కు మధ్య అంతటా 8 మి.మీ. సందు వదిలాం. ఫ్లోర్ మీద పడ్డ నీళ్లు పక్క నుంచి పోతాయి. ఇసుక తోలే రోజు ఆ సందుకు రబ్బరు పట్టీ అడ్డం పెట్టుకోవచ్చు. ముందు బోర్డు కదలదు కాబట్టి ఆ రెండు మూలల్లో 20 మి.మీ. లోకొలత గల పైపు ముక్కలు వెల్డ్ చేసి, ఫ్లోర్ కింద 60 మి.మీ. దిగేలా ఉంచాం. కింద ఛాసిస్, బ్రేకు పైపు, సైలెన్సర్ ఏవీ లేని చోటు చూసి పెట్టాలి.

డాలాలు, ముందు బోర్డు 98 కిలోలు. మొత్తం 273.

ఇప్పటివరకు ఖర్చు (రాడ్లు, కూలి, కరెంటు కలిపి): రూ.45,130.

7వ దశ: నీలం నీళ్ల పరీక్ష

బట్టలకు వాడే నీలం బకెట్ నీళ్లలో కలిపి, డాలాల సందుకు మట్టి కట్టలు కట్టి, ఫ్లోర్ మీద పోసి కింద పడుకుని టార్చితో చూశాం. చిల్లు ఎక్కడుందో నీలం గీత చెబుతుంది. నడిమి అతుకులో రెండు సూది బెజ్జాలు దొరికాయి, పై నుంచి చూస్తే అసలు కనబడవు. రుబ్బి మళ్లీ వేశాం. ఫ్లోర్ అంచు వెంట ఎక్కిన నీలం మాత్రం అడ్డ ఛానెళ్ల కుట్ల మధ్య సందుల్లో జానెడు దూరం లోపలికి పాకింది. సన్నని సందు నీళ్లను తనే లోపలికి లాక్కుంటుంది. వాలు పెట్టినా ఇది ఆగదు.

పరీక్ష కాగానే మంచి నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, తేలికగా తేలిన జంగు అదే రోజు రుద్దేశాం.

8వ దశ: ప్రైమర్, సీలెంట్, రంగు

మొదటి ప్రైమర్ కోటు మొత్తం బాగా కనిపించింది. ఆరాక బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి లాగితే చెకర్ ప్లేట్ మీద ప్రైమర్ టేపుతోనే లేచి వచ్చింది. ఛానెళ్ల మీద, డాలాల మీద లేవలేదు. తేడా ఏమిటని చూస్తే, కొత్త చెకర్ ప్లేట్ మీద ఫ్యాక్టరీ నూనె పొర ఉంది. ఒకే గుడ్డతో థిన్నర్ తుడుచుకుంటూ పోవడం వల్ల నూనె ఇక్కడిది అక్కడికి పాకిందే తప్ప పోలేదు. పువ్వుల చుట్టూ పల్లాల్లో ఇంకా ఎక్కువ.

ఫ్లోర్ మీదదంతా గీకేశాం. ఆ తర్వాత:

1. థిన్నర్ తడి గుడ్డతో ఒకరు తుడవగానే, అది ఆరకముందే పొడి తెల్ల గుడ్డతో ఇంకొకరు తీసేయడం. గుడ్డ తెల్లగా వచ్చే దాకా.
2. చెకర్ పువ్వుల మధ్య వైర్ కప్‌తో గరుకు చేయడం, దుమ్ము ఊది మళ్లీ తుడవడం.
3. పొద్దున్నే పని పెట్టుకోకపోవడం. వానాకాలం ఇనుము మీద కంటికి కనబడని చెమ్మ ఉంటుంది. తడి గుడ్డతో ఒక పట్టీ తుడిచి చూడాలి. అది పది, పదిహేను నిమిషాల్లో ఆరకపోతే ఆ పూట బ్రష్ ముట్టకూడదు.
4. రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ కొంచెం కొంచెంగానే కలపడం. మధ్యాహ్నం వేడికి తొందరగా గట్టిపడుతుంది.

రెండోసారి టేపుకు ఏమీ లేవలేదు.

మొదటి ప్రైమర్ కోటు ఆరాక పాలీయురేథేన్ సీలెంట్‌ను గన్‌తో కింద నుంచి ప్రతి ఛానెల్ సందులోకి నింపి, తడి వేలితో అదిమాం. ఫ్లోర్ అంచుల్లోనూ. సీలెంట్ ఉత్త ఇనుము మీద వేయకూడదు, ప్రైమర్ మీదే. అది ఆరాక రెండో ప్రైమర్, పైన రంగు. మళ్లీ నీలం నీళ్లు పోస్తే ఈసారి ఏ ఛానెల్ కిందా గీత పడలేదు.

వెల్డింగ్ గట్టిదనానికి, సీలెంట్ నీళ్లకు. ఈ రెండు పనులూ వెల్డుతోనే చేయించాలని చూస్తే రేకు ఉబ్బుతుంది.

ఇప్పటివరకు ఖర్చు: రూ.53,580.

9వ దశ: బండి మీద ఎక్కించడం

చెక్క బదులు పాత కన్వేయర్ బెల్టు వాడాం. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి ఈ ముక్కలు మా ప్రాంతంలో దొరుకుతాయి. 12 మి.మీ. మందం. రబ్బరు నీళ్లు పీల్చదు కానీ మధ్యలో ఉండే గుడ్డ పొర కోసిన అంచు నుంచి పీలుస్తుంది. అందుకని కోసిన అంచులన్నింటికీ మిగిలిన సీలెంట్ పూశాం. బెల్టును ఛాసిస్ పొడవునా పరవలేదు. ఆనే ఎనిమిది చోట్ల మాత్రమే ముక్కలు, మిగతా చోట గాలి ఆడుతుంది, నీటి పైపు పెట్టి కడగవచ్చు.

1. షెడ్డు గర్డర్‌కు చైన్ పుల్లీ వేసి బాడీ లేపి, బండిని కిందికి తోసుకొచ్చాం.
2. క్యాబిన్ సందు మళ్లీ 60 మి.మీ.కు సరిచూశాం. ఛాసిస్ మెలి తిరిగినప్పుడు బాడీ క్యాబిన్‌కు తగలకూడదు.
3. యు-బోల్టు బిగించే చోట ఛాసిస్ లోపల పైపు ముక్క నిలబెట్టాం. లేకపోతే బిగింపుకు ఛాసిస్ అంచులు లోపలికి వంగుతాయి.
4. 12 మి.మీ. (ఎం12) యు-బోల్టులు, నైలాన్ లాక్ నట్లు, టార్క్ పానాతో 60 న్యూటన్ మీటర్లు.
5. వైర్లు పాత దారిలోనే, అంచు తగిలే చోట రబ్బరు గొట్టం తొడిగి.
6. రిఫ్లెక్టర్ టేపు: ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు.

కీళ్లు, గొళ్లేలు, బోల్టులు, బెల్టు 4,720. వైరింగ్, టేపు 1,150.

ట్యాంకు మళ్లీ మూత దాకా నింపి అదే కాంటా మీద నిలబెట్టాం: 1,620 కిలోలు. పాత బాడీ సామానంతా 281, కొత్తది అన్నీ కలిపి 290. కాంటా చూపించిన పది కిలోల తేడా ఈ లెక్కతో కలిసింది.

ఇప్పటివరకు ఖర్చు: రూ.59,450.

10వ దశ: లోడు, వాన తర్వాత

దాదాపు 500 కిలోమీటర్లు తిరిగాక యు-బోల్టులు మళ్లీ చూస్తే, 60 దగ్గర పానా టక్కుమనే లోపు ప్రతి నట్టూ పావు చుట్టు తిరిగింది. బెల్టు నలిగి సర్దుకుంది. ఆ తర్వాత మరో 500కు చూస్తే కదల్లేదు. కొత్త బాడీ ఎక్కించినవాళ్లు ఈ మొదటి బిగింపు వదలకూడదు. వదులు యు-బోల్టు ఛాసిస్ మీద రాసుకుని రంగు లేపేస్తుంది, మళ్లీ జంగు.

మొదటి పెద్ద వానకు వెనక, పక్కలు శుభ్రంగా ఆరిపోయాయి. క్యాబిన్ వైపు కుడి మూలలో మాత్రం నీళ్లు నిలిచాయి. బత్తాయి ఆకు, కోళ్ల ఎరువు పొట్టు కలిసి 20 మి.మీ. పైపు నోటికి అడ్డుపడ్డాయి. జాలీ పెడదామంటే జాలీకే ముందు ఆకు పడుతుంది. రెండు మూలల్లోనూ ఆ పైపులు కోసేసి 40 మి.మీ.వి వేశాం, కింది అంచు ఏటవాలుగా కోసి. వెల్డ్ చేసిన చోట ప్రైమర్, సీలెంట్, రంగు మళ్లీ అదే వరుసలో. బకెట్‌లో ఆకులు కలిపి పోసి చూస్తే ఆగకుండా పోయాయి. ఖర్చు 250.

మొత్తం ఖర్చు రూ.59,700. పాత ఇనుము 8,040 తీసేస్తే చేతి నుంచి పడింది రూ.51,660.

ఎరువు దించిన ప్రతిసారీ అదే రోజు ఫ్లోర్, ఛానెళ్ల వెనక నోరు నల్లా నీళ్లతో కడుగుతున్నాం. వచ్చే వానాకాలానికి ముందు బెల్టు ముక్క ఒకటి లేపి కింద ఛాసిస్ మందం మళ్లీ కొలవాలి. ఎడమవైపు 2.9 చోటు చుట్టూ తెల్ల రంగుతో గుర్తు పెట్టి ఉంచాను, ఆ కొలత వచ్చాక ఇక్కడే రాస్తాను.